పై చదువుకు పోయే పాస్టరు పల్లెకు తిరిగొస్తాడా?

వడ్లమూడిలో మొన్న ఒక ఆదివారం ఆరాధన అయిపోయినాక జనం ఇళ్ళకు పోలేదు. చర్చి అరుగు మీద కొందరు, చెట్టు కింద కొందరు, రోడ్డు వారన కొందరు నిలబడి మధ్యాహ్నం దాకా వాదులాడుకున్నారు. గొడవ భూమి మీద కాదు. నీళ్ళ మీద కాదు. ఓట్ల మీద అంతకన్నా కాదు. ఒక కుర్రాడి చదువు మీద.

మన పల్లె కుర్రాడే. తండ్రి క్వారీలో రాయి కొట్టాడు. తల్లి ఇప్పటికీ మినప చేలకు కూలికి పోతుంది. గుంటూరులో డిగ్రీ చేశాడు. తర్వాత నాలుగేళ్ళు వేదాంత కళాశాలలో ఉండి బి.డి. పూర్తి చేశాడు. ఇప్పుడు ఎం.టి.హెచ్. చదువుతానంటున్నాడు. ఇంకో రెండేళ్ళు, ఊరు కాని ఊరు. ఖర్చులో కొంత ఎట్లాగో సర్దుకుంటాను, మిగతాది మీరు చూడండని సంఘం ముందు నిలబడ్డాడు.

"ఇంకా ఏం చదువురా అబ్బాయ్, వాక్యం చెప్పటానికి ఉన్న చదువు చాలదా?" అన్నారు సంఘ పెద్దలు. మన ఉద్యమంలో తిరిగే కుర్రాళ్ళు ఇంకోరకంగా ఎగిరారు. "లాయరు చదువుకైతే చందా ఎత్తుదాం. ఐ.ఏ.ఎస్. కోచింగుకైతే ఎత్తుదాం. దేవుడి చదువుకు ఎత్తేదేంది? అంబేద్కర్ భవనానికి స్లాబు లేక రెండేళ్ళయింది" అన్నారు. ఇంతలో ఒక పెద్దమ్మ లేచింది. "నలభై ఏళ్ళ నుంచి పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా గుప్పెడు బియ్యం తీసి దేవుడి కుండలో వేస్తన్నా. ఆ బియ్యం ఎవరి చదువైందో, ఎవరి కారుకు పెట్రోలైందో ఒక్కనాడూ ఎవరూ నాకు చెప్పలా. ఈ పిల్లోడు నా కళ్ళ ముందరోడు. నా బియ్యం ఈడికియ్యండి" అంది. అందరూ కాసేపు గమ్మునుండిపోయారు.

మాలో కూడా రెండు మాటలున్నాయి. రెండు రాత్రులు కూచుని తేల్చుకున్నాం. ఆ కుర్రాడికి సాయం చేయాలనే మేం అంటున్నాం. ఊరికే కాదు, కొన్ని షరతుల మీద. ఎందుకో ఇక్కడ రాస్తున్నాం. వడ్లమూడిలో నడిచిన వాదన రేపు చుండూరులో, అమృతలూరులో, పొన్నూరు చుట్టుపక్కల పల్లెల్లో, రేపల్లె లంకల్లో కూడా నడుస్తుంది. ఇది ఒక్క ఇంటి సంగతి కాదు.

ముందు ఈ చదువేంటో చూద్దాం. మన ఊరి రోడ్డు మీదే విజ్ఞాన్ వాళ్ళ విశ్వవిద్యాలయం ఉంది. ఎం.టెక్. అంటే ఏంటో గేదెలు కాసే పిల్లాడు కూడా చెప్తాడు. ఎం.టి.హెచ్. అంటే పాస్టరయ్యగారి భార్యకు కూడా సరిగ్గా తెలియదు. మన ప్రొటెస్టెంటు సంఘాలు పెద్దవి చాలావరకు గౌరవించే పట్టాలు సెరాంపూర్ సెనేటువి. కలకత్తా దగ్గర హుగ్లీ నది ఒడ్డున సెరాంపూర్‌లో 1818లో విలియం కేరీ, జాషువా మార్ష్‌మన్, విలియం వార్డు అనే ముగ్గురు ఒక కాలేజీ పెట్టారు. ఈ కేరీ ఇంగ్లండులో చెప్పులు కుట్టి బతికిన మనిషి. ఆ సంగతి మన మాదిగపల్లెల్లో ఏ పాస్టరూ గట్టిగా చెప్పగా మేం వినలేదు. సెరాంపూర్ అప్పట్లో డెన్మార్కు వాళ్ళ చేతిలో ఉండేది. అందుకని పట్టాలిచ్చే అధికారం 1827లో డెన్మార్కు రాజు ఇచ్చాడు. 1918లో బెంగాలులో ప్రత్యేకంగా ఒక చట్టం కూడా చేశారు. దేశంలోని చాలా వేదాంత కళాశాలలు ఈ సెనేటు కిందే పట్టాలిస్తాయి.

మెట్లు ఇట్లా ఉంటాయి. కింద బి.టి.హెచ్. దాని మీద బి.డి. బి.డి.లో మంచి మార్కులొస్తే ఎం.టి.హెచ్. ఆ పైన డాక్టరేటు. ఎం.టి.హెచ్.లో ఒక్కొక్కరు ఒక్కో శాఖ పడతారు. పాత నిబంధన, కొత్త నిబంధన, సంఘ చరిత్ర, దైవశాస్త్రం, ఇతర మతాలు, కాపరి పని, ఇట్లా. బైబిలు శాఖ పట్టినవాడికి హెబ్రీ గానీ గ్రీకు గానీ రావాలి. చివర ఒక పరిశోధనా గ్రంథం రాయాలి. వేదాంత కళాశాలల్లో పాఠం చెప్పేవాళ్ళు ఈ మెట్టు ఎక్కినోళ్ళే. పాస్టర్లకు పాఠం చెప్పేవాడు ఎవడైతే, మన పల్లెలో ప్రతి ఆదివారం వినపడే మాట చివరకు వాడిదే. అందుకే ఈ చదువు మనకు సంబంధం లేనిది కాదు.

మెట్టు మెట్టుకూ ఇంకొకటి జరుగుతుంది. కింది చదువుల్లో తెలుగుకు ఎంతో కొంత చోటుంది. పైకి పోయేకొద్దీ తెలుగు జారిపోతుంది. ఎం.టి.హెచ్. దాకా వచ్చేసరికి ఆలోచన ఇంగ్లీషు, రాత ఇంగ్లీషు, అచ్చయ్యేది ఇంగ్లీషు. మన పిల్లలు చాలాకాలం ఈ చదువుకు బెంగళూరో, మద్రాసో, సెరాంపూరో పోయి చదివొచ్చారు. పోయినవాడు అమ్మ కూలి గురించి ఇంగ్లీషులో రాస్తాడు. ఆ అమ్మకు చదివి వినిపించటానికి తెలుగులో ఒక్క కాగితం ఉండదు.

మరి మన ప్రాంతంలో ఈ మాట మొదట చెప్పినవాళ్ళకు ఏ పట్టా ఉంది? 1842లో ఫాదర్ హయ్యర్ గుంటూరొచ్చాడు, అంతకు ముందేడు నోబుల్, ఫాక్స్ దొరలు బందరొచ్చారు. దొరల పేర్లు చర్చి గోడల మీద రాళ్ళలో చెక్కి ఉన్నాయి. ఒంగోలు వైపు పల్లెల్ని కదిలించిన మనిషి మాత్రం ఎర్రగుంట్ల పేరయ్య, తాళ్ళకొండపాడు మాదిగ. తోలు వ్యాపారం మీద ఊళ్ళు తిరిగినోడు. అంతకుముందే యోగం చెప్పే గురువుల దగ్గర కూచుని దేవుడి గురించి తర్కించినోడు. ఆయన బాప్తిస్మం పొంది వచ్చినాకనే క్లౌ దొర దగ్గరికి పల్లెలకు పల్లెలు కదిలాయి. ఒంగోలులో పై కులాల వాళ్ళు, మాదిగల్ని చేర్చుకుంటే మీ బడికి మా పిల్లల్ని పంపమన్నారు. క్లౌ దంపతులు మాదిగల పక్కనే నిలబడ్డారు. ధాత కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వకం పని చేసి బతికిన జనం, కరువు పని ఆగినాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కృష్ణ ఆవల రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద 1859లోనే బాప్తిస్మం తీసుకుని చుట్టుపక్కల పల్లెల్ని తిప్పాడు. వీళ్ళలో ఎవరికీ పట్టా లేదు. దేవుడు ఎవరి పక్షం అనే ప్రశ్న మాత్రం ఉంది. దైవశాస్త్రం అంటే ఆ ప్రశ్నే.

ఆ పెద్దల మాటలు మనకు ఎట్లా మిగిలాయి? క్లౌ రెండో భార్య ఎమ్మా రాషెన్‌బుష్ క్లౌ బెర్న్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు చేసిన మనిషి. ఆమె ఒంగోలు మాదిగ బోధకుల దగ్గర కూచుని వాళ్ళ కథలు విని 1899లో ఇంగ్లీషులో ఒక పుస్తకం వేసింది. 'వైల్ సూయింగ్ శాండల్స్' దాని పేరు. చెప్పులు కుడుతూ కుడుతూ చెప్పుకున్న కథలని అర్థం. బయటి నుంచి వచ్చిన ఆడమనిషి, పై చదువు చదువుకున్నది కాబట్టి, పేరయ్య పేరు ఇవాళ మనకు తెలుసు. రాసి పెట్టేవాళ్ళు లేక పోయిన పేరయ్యలు ఎందరో. చదువు ఏం దండగ అనేవాళ్ళకు ఇది మా మొదటి జవాబు.

ఇంకో సంగతి. ఈ పాస్టరు చదువు మొదట పల్లెకు దగ్గరగానే పుట్టింది. బాప్టిస్టుల బడి నెల్లూరు జిల్లా సముద్రం ఒడ్డున రామాయపట్నంలో ఉండేది. లూథరన్లది రాజమండ్రిలో లూథర్‌గిరి. దోర్నకల్లులో, 1912లో ఆంగ్లికన్లలో మొదటి భారతీయ బిషప్పు అయిన అజరయ్య, పల్లె ఉపదేశుల్ని, వాళ్ళ భార్యల్ని కూడా కూచోబెట్టి తెలుగులో తర్ఫీదు ఇప్పించాడు. వాళ్ళలో ఎక్కువమంది మాల మాదిగలే. 1964లో సంఘాలు తమ బడుల్ని కలిపి రాజమండ్రిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల పెట్టాయి. అది కొన్నేళ్ళకు హైదరాబాదు పోయింది. కలవటం మంచిదే. గ్రంథాలయం పెరిగింది, పంతుళ్ళు పెరిగారు, బి.డి. పట్టాలు పెరిగాయి. కాని సముద్రం ఒడ్డు నుంచి, దోర్నకల్లు అడవి పక్క నుంచి చదువు రాజధానికి నడిచిపోయింది. దాని వెనక పిల్లలు నడిచారు. పోయినవాళ్ళలో పట్నాల చర్చిల్లో ఆగిపోయినోళ్ళే ఎక్కువ.

"వేదాంత కళాశాల" అనే పేరు చూడండి. వేదం చెవిన పడితే సీసం పోయాలన్న దేశంలో, వేదం చదవకూడని వాళ్ళ పిల్లలు పాస్టర్లు అవటానికి పోయే బడికి పెట్టిన పేరు వేదాంతం! బైబిలుకు సత్యవేదం అని పేరు. ఈ మాటలు అనువదించిన దొరలకు బ్రాహ్మణ పండితులు తోడున్నారు. మొదటి తరం కీర్తనకారుల్లో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి కూడా బ్రాహ్మణ్యం నుంచి వచ్చినవాడే. ఆయన కీర్తనలు మన పల్లెల్లో చిన్నా పెద్దా కంఠతా పాడతారు, అందులో మాకు తగువు లేదు. మాట వెంట ఆలోచన కూడా వచ్చింది, అదీ మా తగువు. ఈ దేశంలో క్రైస్తవ మేధావులు చాలాకాలం వేసుకున్న ప్రశ్న ఏంటంటే, క్రీస్తును వేదాంత భాషలో ఎట్లా చెప్పాలి అని. బెంగాలులో బ్రహ్మబాంధవ ఉపాధ్యాయ అదే పని మీదున్నాడు. మన నెల్లూరు మనిషి పందిపెద్ది చెంచయ్య గొప్ప ఆలోచనాపరుడు, న్యాయమూర్తిగా చేసినవాడు, 1938లో వచ్చిన 'రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా' పుస్తకం రాసినవాళ్ళలో ఒకడు. ఆ గుంపు ఆలోచించిందాన్ని మేం చిన్నబుచ్చటం లేదు. కాని చర్చిలో చాప మీద కూచున్న జనం నూటికి తొంభై మంది కూలోళ్ళయితే, గురువుల మేధస్సంతా అద్వైతికి సమాధానం చెప్పటానికే ఖర్చయింది.

ఈ లెక్క తిరగబడింది 1981లో. ఆ ఏప్రిల్‌లో బెంగళూరు యునైటెడ్ థియొలాజికల్ కాలేజీలో మహారాష్ట్ర దళిత క్రైస్తవుడు అరవింద్ నిర్మల్ ఒక ఉపన్యాసం ఇచ్చాడు. శూద్ర దైవశాస్త్రం కావాలన్నాడు. తర్వాత మద్రాసు గురుకుల్ లూథరన్ కళాశాలలో దళిత దైవశాస్త్రానికి ఒక శాఖే పెట్టి దాన్ని నడిపాడు. ఆయన వాదన మన పల్లె భాషలో చెప్పాలంటే ఇది. దేవుణ్ణి బ్రాహ్మణుడి ప్రశ్నతో వెతకొద్దు, అంటరానివాడి నొప్పితో వెతుకు. మన తాతలు హిందూ మతం నుంచి బయటికి నడవటం కూడా ఒక నిర్గమకాండమే. యేసు కూడా దళితుడే. మన హైదరాబాదులో కె. విల్సన్ 1982లోనే 'ది ట్వైస్ ఏలియనేటెడ్' రాశాడు. దళిత క్రైస్తవుడు రెండుసార్లు వెలి అయ్యాడని, ఊరు ఒకసారి నెట్టింది, చర్చి ఇంకోసారి నెట్టిందని చూపించాడు.

ఇవన్నీ పై చదువు లోపల పుట్టినవే. ఎం.టి.హెచ్.లు, డాక్టరేట్లు చేసినవాళ్ళు, వాళ్ళకు పాఠం చెప్పినవాళ్ళు పుట్టించినవే. తర్వాత ఆ ఆలోచనకు ఏమైందంటే, అది కూడా ఇంగ్లీషులోనే ఉండిపోయింది. జెనీవాలో, జర్మనీలో సభలకు పోయింది. వడ్లమూడి దాకా రాలేదు. ఆ కుర్రాణ్ణి మేం అడిగాం, "నిర్మల్ గురించి బి.డి.లో చెప్పారా?" అని. "చెప్పారన్నా, ఒక ప్రశ్న కూడా వచ్చింది, పది మార్కులకు రాశా" అన్నాడు. "మరి చర్చిలో ఎప్పుడన్నా చెప్పావా?" అంటే తల దించుకున్నాడు. "చెప్తే పెద్దలు ఒప్పుకోరన్నా."

దీనికి ఎదురుగా ఒక్కసారి చుండూరును పెట్టి చూడండి. వడ్లమూడి నుంచి తెనాలి పోయి, అక్కణ్ణుంచి రైలెక్కితే పక్కనే. 1991 ఆగస్టు 6న పట్టపగలు ఎనిమిది మందిని నరికారు. శవాల్ని గోతాల్లో కట్టి కాలవలో పడేశారు. మిగిలిన జనం పారిపోయి ఎక్కడ తల దాచుకున్నారు? తెనాలిలో సాల్వేషన్ ఆర్మీ చర్చి ఆవరణలో. అంతకు ఆరేళ్ళ ముందు, 1985 జులై 17న కారంచేడులో ఆరుగుర్ని చంపితే మాదిగపల్లె జనం చీరాల పోయి చర్చి ఆవరణలోనే పడ్డారు. ఆ సెప్టెంబరులోనే దళిత మహాసభ పుట్టింది. అంటే మన ఉద్యమం మొదటి అడుగులు చర్చి గోడల నీడనే పడ్డాయి. మతం మత్తుమందు అనే మన కుర్రాళ్ళు ఇది మర్చిపోకూడదు. నరుకుతుంటే పరిగెత్తినోడికి గేటు తీసింది పార్టీ ఆఫీసు కాదు.

కాని గేటు తీయటం వేరు, నోరు తెరవటం వేరు. సంఘ క్యాలెండరులో ఆగస్టు 6 రూపాంతర పండుగ. కొండ మీద యేసు ముఖం వెలిగిన రోజు. చుండూరులో ఆ రోజు ఏ ముఖాలు ఎట్లా మారిపోయాయో మనకు తెలుసు. ముప్పై ఏళ్ళు దాటాయి, ఈ రెండింటినీ కలిపి ప్రసంగం చేసిన పాస్టరు మాకు ఒక్కరూ తగల్లేదు. 2007 జులై 31న చుండూరులోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఏప్రిల్ 20 ఆదివారం ఈస్టరు. సమాధి తెరుచుకుంది, న్యాయం గెలిచింది అని ఆదివారం పాడాం. మంగళవారం తీర్పు వచ్చింది. తర్వాతి ఆదివారం మన చుట్టుపక్కల చర్చిల్లో ఏం చెప్పారని మేం అడిగి చూశాం. తోమా అనుమానం గురించి చెప్పారట. గాయం చూపిస్తే గాని నమ్మనన్నవాడి కథ! చుండూరు రక్తక్షేత్రం ఎదురుగా ఉంది. గాయాన్ని చూపించటానికి అంతకన్నా దగ్గరి దారి ఉందా? పాస్టర్లకు మనసు లేక కాదు. అట్లా చదవటం వాళ్ళకు ఎవరూ నేర్పలేదు. ఎం.టి.హెచ్. చేసినవాడు నేర్పాల్సింది ఇదే.

జాషువా ఏ సెనేటు పట్టా లేకుండా ఆ పని చేశాడు. వినుకొండ మనిషి, 'గబ్బిలం' రాసినవాడు, 'క్రీస్తు చరిత్ర' రాస్తే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. పాస్టరు కాబోయే కుర్రాడికి జాషువాను తప్పనిసరి పాఠం చేయండి అని ఎవరైనా అడిగారా? మేం అడుగుతున్నాం.

ఇక సంఘ పెద్దలతో నాలుగు మాటలు. ఎవరి పేరూ ఎత్తం, ఎవరికి తగిలితే వాళ్ళు తడుముకోండి. పై చదువుకు సిఫారసు కాగితం ఎవరికి వస్తుందో పల్లెలో అందరికీ తెలుసు. కమిటీ మెంబరు అల్లుడికి వస్తుంది, అధికారంలో ఉన్న గుంపు వెనక తిరిగినోడికి వస్తుంది. మిషను కాంపౌండ్లలో షాపులు కట్టి, అద్దెలు తిని, ఆ అద్దెల కోసం కోర్టుల చుట్టూ తిరిగే డబ్బులో పదో వంతు పెడితే మండలానికొక బిడ్డను పై చదువు చదివించొచ్చు. ఇంకొందరున్నారు. చదవకుండానే డాక్టర్లయ్యారు. ఎక్కడో పేరు తెలియని బైబిలు విశ్వవిద్యాలయం హోటల్లో సభ పెట్టి, గౌను తొడిగి, టోపీ పెట్టి, ఫోటో తీసి పంపిస్తుంది. పొద్దున లేచేసరికి ఫ్లెక్సీ మీద పేరుకు ముందు డాక్టరు. గుప్పెడు బియ్యం తీసే పెద్దమ్మను మోసం చేయటానికి ఇంతకన్నా చవక దారి లేదు. నిజంగా రెండేళ్ళు కూచుని హెబ్రీ నేర్చుకుంటానంటున్న కుర్రాణ్ణి ఆపి, గౌను అద్దెకు తెచ్చుకున్నవాడి చేత కన్వెన్షను చేయిస్తారా?

ఆడపిల్లల మాట ఎవరూ ఎత్తలేదు ఆ ఆదివారం. చర్చి ఊడ్చేది వాళ్ళు, పాడేది వాళ్ళు, ఉపవాస ప్రార్థనలకు వచ్చేది వాళ్ళు. 2013లో పుష్పలలితమ్మ నంద్యాల బిషప్పు అయింది, దక్షిణ ఇండియా సంఘంలో మొదటి మహిళా బిషప్పు. మన తెలుగు నేల మీద. అది చూసి మన పల్లెల్లో ఎంతమంది ఆడపిల్లల్ని వేదాంత చదువుకు పంపాం? కేథలిక్కుల సంగతి వేరే రాయాలి. అక్కడ రెడ్లూ కమ్మవాళ్ళూ విశ్వాసులుగా ఉన్నారు కాబట్టి గురువులెవరనే లెక్క ఇంకా ముదురుగా ఉంటుంది. 2022లో పూల ఆంథోనీ గారు కార్డినల్ అయితే, దళితుల్లో ఆయనే మొదటివాడని ప్రపంచమంతా రాసింది. ఇన్ని వందల ఏళ్ళకు ఒకడు.

మనలో మనం కూడా ఒక మాట చెప్పుకోవాలి. ఈ మిషను మాలలది, ఆ మిషను మాదిగలది అని గీతలు గీసుకుని కూచున్నాం. సిఫారసు కాగితం మీద కూడా ఆ గీత పడుతుంది. కారంచేడులో చచ్చింది మాదిగలు, చుండూరులో ఎక్కువమంది మాలలు. నరికేవాడు ఏ మిషను అని అడగలేదు. వర్గీకరణ మీద 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది, దాని మీద మన అభిప్రాయాలు ఏమైనా ఉండొచ్చు. చర్చిలోపలి వాటాల సంగతి మాత్రం ఏ కోర్టూ చెప్పదు. మనమే తేల్చుకోవాలి.

ఇప్పుడు అసలు భయం చెప్తాం. కుర్రాడి తల్లి మా దగ్గరకు రాత్రి ఒక్కతే వచ్చి అడిగింది. "అయ్యా, ఈ చదువు చదివితే వాడి ఎస్సీ కాగితం పోతదంట గదా, నిజమేనా?" మేం జవాబు చెప్పటానికి తడబడ్డాం. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువు కానివాడు ఎస్సీ కాడంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపారు. క్రైస్తవుడు, ముస్లిము బయటే ఉన్నారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ పేరా తీసేయమని చెప్పింది, ఎవరూ తీయలేదు. అందుకే 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు నూటికి 1.34 అని తేలింది. ఆదివారం మన రోడ్ల మీద బైబిలు పట్టుకుని నడిచేవాళ్ళను చూస్తే ఆ లెక్క ఎంత భయంతో రాయించుకున్నదో అర్థమవుతుంది. ఎస్సీ నుంచి క్రైస్తవం తీసుకున్నవాడికి బీసీ-సి అని, నూటికి ఒకటి.

2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు తీర్పు చూశారు గదా. పిట్టలవానిపాలెం మండలం కొత్తపాలెంలో పాస్టరుగా ఉన్న ఒకాయన కులం పేరు పెట్టి తిట్టి కొట్టారని 2021లో అట్రాసిటీ కేసు పెట్టాడు. పదేళ్ళుగా పాస్టరుగా ఉన్నాడు కాబట్టి ఎస్సీ కాడు, ఆ చట్టం వర్తించదని కోర్టు కేసు కొట్టేసింది. కొట్టేవాడికి ఆయన కులం తెలుసు. చట్టానికి తెలియలేదు. కరోనా రోజుల్లో పాస్టర్లకు ప్రభుత్వం రూ.5,000 ఇచ్చినప్పుడు కూడా, ఆ జాబితాలు ముందేసుకుని వీళ్ళకు ఎస్సీ సర్టిఫికెట్లు ఎట్లా వచ్చాయని కొందరు ఎగబడ్డారు.

అంటే మామూలు విశ్వాసి ఎట్లాగో నెట్టుకొస్తాడు. పాస్టరు నెట్టుకు రాలేడు. ఆయన పేరు, ఆయన పట్టా, ఆయన అభిషేకం ఫోటో, అన్నీ ఆయన మీదే సాక్ష్యాలు. చదివే కొద్దీ రక్షణ పోయే చదువు ఇంకెక్కడైనా ఉందా? ఆగమ పాఠశాలల్లో చదివిన పిల్లాడికి కులం పోదు. తిరుపతిలో 2006లో వేద విశ్వవిద్యాలయం పెట్టారు, అక్కడ డాక్టరేటు చేసినవాడి కులం ఇంకొంచెం గట్టిపడుతుంది. మన పిల్లాడికి మాత్రం పట్టా ఒక చేతికి ఇచ్చి సర్టిఫికెట్ ఇంకో చేతి నుంచి లాక్కుంటారు. ఇంత తెలిసి కూడా ఆ కుర్రాడు పోతానంటున్నాడు. అందుకే అతనికి సాయం చేయాలంటున్నాం. మన తరఫున అంత పోగొట్టుకునేవాణ్ణి ఒంటరిగా పంపితే అతను తిరిగి మన దగ్గరకు ఎందుకొస్తాడు?

మా షరతులు కుర్రాడికి ముఖం మీదే చెప్పాం. పరిశోధన ఏ శాఖలో చేసినా సరే, పల్లె అందులో ఉండాలి. ఆమోసు ప్రవక్త ధాన్యం కొలతల గురించి, అప్పు కింద అమ్ముడుపోయిన కూలివాడి గురించి అంత కోపంగా ఎందుకు మాట్లాడాడో, కౌలు రైతును పక్కన కూచోబెట్టుకుని చదవాలి. నాబోతు పొలం రాజు ఎట్లా కాజేశాడో చదివేటప్పుడు మన అసైన్డు భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయో రాసుకోవాలి. లేదా 1950 ఉత్తర్వు మీదే రాయమన్నాం. ఇంగ్లీషు గ్రంథం పూర్తయిన ఏడాది లోపల అదే విషయం తెలుగులో, నూరు పేజీలకు మించకుండా, మన పత్రిక ధరకు అమ్మగలిగేట్టు రాసివ్వాలి. అచ్చు మేం వేయిస్తాం. చదువయ్యాక రెండేళ్ళు ఏదో ఒక పల్లెలో ఉండాలి, వడ్లమూడే కానక్కర్లేదు. కార్తీకం కోతలప్పుడూ, మినుము తీతలప్పుడూ సెలవు దొరికితే ఇంటికొచ్చి రాత్రి బడి పెట్టాలి. ఆడపిల్లలకు కూడా.

కుర్రాడు అన్నీ విన్నాడు. నూరు పేజీల సంగతి దగ్గర ఆగాడు. "తెలుగులో రాయటమే కష్టమన్నా, ఆ మాటలు నాకు తెలుగులో రావట్లేదు" అన్నాడు. నిజం చెప్పాడు. పెద్దమ్మ పక్కనే ఉంది. "నాకు చెప్పినట్టు చెప్పి రాయి నాయనా, నేను కూచుంటా" అంది.

సంఘం రెండో ఆదివారం మళ్ళీ కూచుంటుంది. ఈ లోపల గుప్పెడు బియ్యం ఈ రెండేళ్ళు ఎవరి కుండలో పడుతుందో లెక్క రాసే పుస్తకం ఒకటి పెట్టమని ఆడవాళ్ళు అడుగుతున్నారు. పుస్తకం వాళ్ళ దగ్గరే ఉండాలంటున్నారు, కమిటీ దగ్గర కాదు. మీ పల్లెలో ఇట్లాంటి పిల్లలుంటే, అబ్బాయిలైనా అమ్మాయిలైనా, ఏ మిషను వాళ్ళైనా, ఎక్కడి దాకా చదివారో, ఎవరు ఆపారో మాకు ఉత్తరం రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.